గొంగడి కింద గుండె

పశువుల దవాఖానలో పనిచేసేవాణ్ణి పట్టుకొచ్చి మనుషుల గుండె చూడమంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే సలోత్రి వెంకట్రాంను అడగాలి. పశువుల డాక్టరును ఆ రోజుల్లో సలోత్రి అనేవాళ్ళు. వెంకట్రాం నిజానికి సలోత్రి కూడా కాదు. జనగామలో అసలు సలోత్రి సాహెబు వెనక మందుల పెట్టె మోస్తూ పదేళ్ళు తిరిగిన కంపౌండరు. దొరల మీద తిరగబడ్డ సంఘం గొడవ ముదిరి, ఊళ్ళలో గడీలు ఖాళీ చేసి దొరలు పట్నం దారి పడుతున్నప్పుడు సాహెబు కూడా సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ చెవుల గొట్టం, నిమిషం కొలిచే ఇసుక సీసా, మందుల పెట్టె వెంకట్రాం చేతిలో పెట్టి "జర జాగ్రత్త" అన్నాడు. గొట్టం జాగ్రత్తా, మనిషి జాగ్రత్తా అన్నది చెప్పలేదు. ఆనాటి నుంచి జనానికి వెంకట్రామే సలోత్రి. ఆవులకూ ఎద్దులకూ లేని అభ్యంతరం మనకెందుకు?

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలంలో బచ్చన్నపేట దిక్కున తుమ్మలకుంట గడిలో పోలీసు క్యాంపు పడింది. దొర పారిపోయిన గడి కాబట్టి అడిగేవాడు లేడు. క్యాంపు పెద్ద అమీను సాబు. అమీను అంటే ఠాణా అధికారి. యాభై ఏళ్ళ మనిషి, బొద్దు మీసం, మేకను కోస్తే గుండెకాయ, కార్జం తన పళ్ళెంలోకే రావాలనే మనిషి. వేరే ఎక్కడో క్యాంపులో విచారణలో ఉన్నవాళ్ళు చచ్చిపోతే పైనుంచి సంజాయిషీ అడిగారట. అందుకని కొత్త హుకుం వచ్చింది. ఖైదీని కొట్టే ముందు డాక్టరు గుండె చూసి, తట్టుకుంటాడని సంతకం పెట్టాలి. మనుషుల డాక్టర్లు ఆ ఎండకు, ఆ ఊరికి, ఆ పనికి రారు. వెంకట్రాంకు రానని చెప్పే ధైర్యం లేదు.

"సాబ్, నేను పశువుల దవాఖానోన్ని" అన్నాడు చేతులు కట్టుకుని.

"మనిషికి గుండె ఉంటది. ఎద్దుకు గుండె ఉంటది. గొట్టం ఒకటే" అన్నాడు అమీను. "నువ్వు ఇను, దస్తఖత్ చెయ్యి. ఏం పరేషాన్ లేదు."

ఆయనకు పరేషాన్ లేదు. నిజమే.

వెంకట్రాంకు గుర్రాల కొట్టం పక్కన ఒక అర్ర ఇచ్చారు. భార్య యాకమ్మ జనగామలో ఒంటరిగా ఉండనని మూట కట్టుకుని వెంటే వచ్చింది. మూడో రోజున మొదటి మనిషిని చూపించారు. పోశాలు అనే కురుమ పిల్లగాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. గొర్రెల వెంట తిరుగుతూ సంఘం వాళ్ళకు అన్నం మూటలు చేరవేస్తున్నాడని పట్టుకొచ్చారు. అప్పటికే ఒక విడత కొట్టారు. చెవి పైన తల వాచి ఉంది. తన గొంగడినే మడిచి తలకింద పెట్టారు. అంచున తెల్ల ఊలుతో పాముమెలికలా కుట్టిన గొంగడి. అతను కళ్ళు సగం మూసుకుని మగతగా పడుకుని ఉన్నాడు.

వెంకట్రాం గొట్టం పెట్టాడు. ఇసుక సీసా తిప్పాడు. ఎంచాడు. నలభై ఎనిమిది. ఒక్కో దెబ్బ నిండుగా, గట్టిగా, తొందర లేకుండా పడుతోంది. ఆయన పదేళ్ళ చదువంతా ఎద్దుల దగ్గర నేర్చిందే. జ్వరం వచ్చిన ఎద్దు గుండె ఉరుకుతుంది. నొప్పితో ఉన్న ఎద్దు గుండె ఉరుకుతుంది. కడుపు నిండి నెమరు వేస్తూ చెట్టుకింద పడుకున్న ఎద్దు గుండె మాత్రం ఇదిగో, సరిగ్గా ఇలా, నిమిషానికి యాభై దాకా నింపాదిగా కొట్టుకుంటుంది. ఆయన ప్రాణం కుదుటపడింది.

"మంచిగున్నది సాబ్" అన్నాడు. "మస్తు మంచిగున్నది. నిద్రవోతున్నడు, గంతే."

ఆ మాట మీద మళ్ళీ కొట్టారు. పొద్దు వాలకముందే పోశాలు చచ్చిపోయాడు.

అమీను కాగితం రాయించాడు. గుండె తనంతట తాను ఆగి మృతి చెందినాడు, తనిఖీ చేసినవాడు ఫలానా వెంకట్రాం, అని. కింద సంతకం పెట్టమన్నాడు. వెంకట్రాం పెట్టాడు. పెట్టకపోతే ఏమయ్యేదో ఆయనకు తెలుసు, మనకూ తెలుసు. అయినా పెట్టాడన్న సంగతిని ఈ కథ పక్కనపెట్టి ముందుకు పోలేదు.

ఆ మర్నాడు ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఎక్కడ తప్పు జరిగింది? విన్నది తప్పా, ఎంచింది తప్పా? ఉన్నట్టుండి చొక్కా గుండీలు విప్పి గొట్టం తన ఛాతీ మీదే పెట్టుకున్నాడు. పదేళ్ళు ఆ గొట్టాన్ని మెడలో వేసుకుని ఊరూరా తిరిగినవాడు ఒక్కనాడైనా తన గుండె తాను వినలేదు. ఇసుక సీసా తిప్పాడు. డెబ్బై ఎనిమిది.

"యాకమ్మా, ఇటురా. జర పండుకో."

"పట్టపగలు ఏంది నీ యవ్వారం?"

"గుండె చూస్త."

"నా గుండెకేమైంది? ఏమన్న అయితే నీతోనే అయితది" అంటూనే పడుకుంది. ఎనభై రెండు. వెంకట్రాం రెండుసార్లు ఎంచాడు. ఆమె నవ్వితే తొంభై అయింది. మళ్ళీ ఎనభై రెండుకు వచ్చింది.

అంటే మనిషి గుండె ఎద్దు గుండె కాదు. కుదురుగా ఉన్న మనిషికే డెబ్బై, ఎనభై ఉంటే, నలభై ఎనిమిది కుదురు కాదు. తలకు తగిలిన దెబ్బతో గుండె మందగించిందేమో. దీపం ఆరిపోబోతుంటే చూసి, వెలుగు చల్లగా ఉంది అన్నాడు తను. ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి ఆయన చెవుల్లోంచి గొట్టం తీయడం కూడా మరిచి యాకమ్మనే చూస్తున్నాడు.

"ఏంది, గట్ల జూస్తున్నవ్? నాకేమన్న రోగమా?" అంది యాకమ్మ లేచి కూర్చుని.

"నీకేం లేదు. నాకే ఏం తెల్వదు" అన్నాడు.

తెలియకపోతే తెలుసుకోవాలి గదా అని రెండురోజుల తర్వాత వంటశాలకు వెళ్ళాడు. తండాల నుంచి పట్టుకొచ్చిన మేకల్లో ఒకదాన్ని కోస్తున్నారు. అమీను సాబు పళ్ళెంలోకి పోకముందు ఆ గుండెకాయను ఒక్క గడియ తనకు ఇమ్మని వంటవాణ్ణి బతిమాలాడు. రాతి మీద పెట్టి కత్తితో నిలువుగా చీల్చాడు. సాహెబు ఎప్పుడో ఒకసారి చచ్చిన దున్నను కోసి చూపించి చెప్పిన పాఠం ముక్కలు ముక్కలుగా గుర్తుకొచ్చింది. నాలుగు అర్రలు. పైన రెండు, కింద రెండు. పైవి పలచగా, చెవి తమ్మెల్లా ఉంటాయి. ఒళ్ళంతా తిరిగి నల్లబడిన నెత్తురు కుడి పక్కకు వస్తుంది. కుడి కింది అర్ర దాన్ని ఊపిరితిత్తులకు తోస్తుంది. అక్కడ గాలి తగిలి ఎర్రబడి ఎడమ పక్కకు వస్తుంది. ఎడమ కింది అర్ర దాన్ని తలకూ కాలికీ, ఒళ్ళంతటికీ కొడుతుంది. అందుకే ఎడమ గోడ వేలంత మందం, కుడి గోడ అందులో మూడోవంతు లేదు. పక్కింటి నుంచి నీళ్ళు తెచ్చే కోడలి భుజానికీ, ఊరవతలి బావి నుంచి మోసే కోడలి భుజానికీ ఆ మాత్రం తేడా ఉండదూ?

అర్రల మధ్య తలుపులున్నాయి. తడి గుడ్డ పేలికల్లా పలచని రెక్కలు, వాటిని పట్టి లాగుతున్న తెల్లటి దారాలు. నెత్తురు ముందుకు పోగానే రెక్కలు మూసుకోవాలి, వెనక్కి రానివ్వకూడదు. గుండె కొట్టుకుంటుంది అంటాం గానీ, గొట్టంలో వినబడేది కొట్టుకోవడం కాదు. తలుపులు మూసుకునే చప్పుడు. దబ్బున లోపలి తలుపులు, దుప్పున బయటికిపోయే దారి తలుపులు. తలుపు సరిగ్గా పడకపోతే సందులోంచి నెత్తురు వెనక్కి జారి, రెండు చప్పుళ్ళ మధ్య సుర్రుమంటుంది. ముసలి బర్రె ఒకదానికి అలాంటి చప్పుడు ఉంటే సాహెబు తనకు వినిపించాడు. ఆ బర్రె ఆ ఏడు వానాకాలం చూడలేదు.

ఇంతా చూసి వెంకట్రాం కత్తి పక్కన పెట్టాడు. గుండె ధైర్యం అంటారు, గుండె రాయి చేసుకొమ్మంటారు, గుండె చెరువైందంటారు. ఈ నాలుగు అర్రల్లో అవన్నీ ఎక్కడుంటాయి? ధైర్యం ఉండే అర్ర కనిపిస్తే తనకెంత తక్కువైందో కొలుచుకోవచ్చు అనుకున్నాడు. కనిపించలేదు.

"చూసుడు అయిందా సలోత్రీ? సాబుకు ఆలస్యమైతది" అని వంటవాడు గుండెకాయను ఎత్తుకుపోయి ముక్కలు కోసేశాడు.

ఆ వారంలోనే హీర్యాను తెచ్చారు. పాలకుర్తి అవతలి తండా మనిషి. దొర కబ్జా చేసిన చెలకను సంఘం తిరిగి ఇప్పిస్తే మొట్టమొదట నాగలి కట్టినవాడు. సంఘం వాళ్ళు ఎక్కడున్నారో చెప్పమని స్తంభానికి నిలువుగా కట్టేశారు. అతని భార్య రుక్కి రోజూ జొన్నరొట్టె మూటతో వచ్చి గడి దర్వాజా ముందు ఎండలో కూర్చునేది. రొట్టె లోపలికి పోయేది కాదు. ఆమె లేచిపోయేదీ కాదు.

వెంకట్రాం బయటికి వస్తుంటే ఒకనాడు ఆమె అడ్డం వచ్చింది.

"గుండె చూసేది నువ్వేనా అన్నా?"

"నేనే."

"నా మొగని గుండె మంచిగున్నదని చెప్పకు."

వెంకట్రాంకు అర్థం కాలేదు.

"కురుమోల్ల పిల్లగాని గుండె మంచిగున్నదన్నవట. మంచిగున్నదంటే కొడ్తరు. మంచిగలేదంటే ఆపుతరు. నా పిల్లల మీద ఒట్టన్నా, మంచిగలేదని చెప్పు."

కంపౌండరు బతుకులో అలాంటి మాట వినలేదు. లోకంలో ఏ ఇల్లాలైనా నా మొగుడి గుండె బాగుందని చెప్పయ్యా అని మొక్కుతుంది. ఈమె బాగాలేదని చెప్పమని మొక్కుతోంది. తలకిందులు లోకం. అయినా ఆ మాట ఆయన మెదడులోకి ఎక్కింది. ఆ రోజు హీర్యా ఛాతీ మీద గొట్టం పెట్టాడు గానీ ఇసుక సీసా తిప్పలేదు, ఏమీ ఎంచలేదు. "ఖరాబున్నది సాబ్. ఒక్క దెబ్బ పడ్డా ఆగిపోతది" అన్నాడు. అమీను కొట్టనివ్వలేదు. కట్లు మాత్రం విప్పలేదు. మర్నాడు ఇంకో ఖైదీ. ఖరాబు. ఎల్లుండి మరొకడు. వాడిదీ ఖరాబే.

నాలుగోరోజు అమీను పిలిచాడు. పళ్ళెంలో వేయించిన గుండెకాయ ముక్కలున్నాయి.

"ఏందిర సలోత్రీ, జనగాం ఇలాఖల ఒక్కనికి గూడ గుండె మంచిగ లేదా? గీళ్ళేనా సర్కారుతోని కొట్లాడేది?"

అమీను ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"రేపు ముగ్గురిని గొంగళ్ళ కింద పండవెడ్త. నెత్తి నుంచి కాళ్ళ దాంక కప్పుత. ఒకడు ఖైదీ హీర్యా. కడమ ఇద్దరు మావోళ్ళు. ఎవరు ఎవరో నీకు తెల్వొద్దు. ఎవని గుండె ఎట్లున్నదో చెప్పాలె. నువ్వు ఝూటా అని తేలిందనుకో, హీర్యాను నీ ముందటనే మొదలువెడ్త. తర్వాత నిన్ను."

ఆ పగలంతా వెంకట్రాం లెక్కలు వేస్తూనే ఉన్నాడు. హీర్యా ఎవరో పోల్చుకోగలిగితే చాలు. అతనిది ఖరాబంటాడు, మిగతా ఇద్దరివీ మంచివంటాడు. మాట నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు. కానీ ముఖం కనబడకుండా పోల్చుకునేది ఎలా?

"గొట్టంతోనే. దానికి మొఖంతోని ఏం పని?" అంది యాకమ్మ. "భయపడ్డోని గుండె ఉరుకదా? నువ్వు నవ్విస్తేనే నాది తొంభైకి వాయె. చావు భయమున్నోనిది ఎంతకు వోతదో చూడు. ఉరికేటోడే నీ హీర్యా."

ఆ మాట ఆయనకు నచ్చింది. తెలివైన మాటే. నాకైనా నచ్చేది.

తెల్లారి గడి వసారాలో ముగ్గురు వరసగా పడుకుని ఉన్నారు. మూడు నల్ల గొంగళ్ళు. ఒక జవాను తుపాకితో నిలబడి ఉన్నాడు. గొట్టం మూతిని గొంగడి అంచు కిందుగా దూర్చి చేత్తో తడుముకుని ఛాతీ మీద పెట్టాలి, అంతకంటే ఎత్తి చూడకూడదు.

మొదటివాడు. దబ్, దుప్. దబ్, దుప్. ఇసుక సీసా దిగేసరికి డెబ్బై. తలుపులు శుభ్రంగా పడుతున్నాయి. హాయిగా ఉన్న మనిషి. వీడు తప్పకుండా జవానే, ఈ క్యాంపులో హాయిగా ఉండేది వాళ్ళే.

రెండోవాడు. గొట్టం తగలగానే గుండె గుర్రంలా పారిపోయింది. నూటముప్పై దాకా ఎంచి వదిలేశాడు. ఛాతీ చెమటతో జారుతోంది. ఇతనే. పాపం, ఇతనే హీర్యా.

మూడోవాడు. దబ్, సుర్ర్, దుప్. వెంకట్రాం మళ్ళీ విన్నాడు. దబ్, సుర్ర్, దుప్. ముసలి బర్రె చప్పుడు. సందేహం లేదు. ఈ జవాను ఎవరో గానీ గుండెలో తలుపు సరిగ్గా పడటం లేదు. చెప్పాలా, వద్దా? రెండు ఖరాబులు చెబితే అమీను నమ్ముతాడా? ఒకటే చెబుదామనుకుంటే, ఈ మనిషి రేపు తుపాకి మోస్తూ కూలిపోతే? పోశాలు మొహం కళ్ళ ముందు ఆడింది. విన్నది విన్నట్టు చెప్పకపోతే ఇంకో చావు తన మెడకు చుట్టుకుంటుంది.

"మొదటిది మంచిగున్నది" అన్నాడు. "రెండోది ఖరాబు, దెబ్బ తట్టుకోదు. మూడోది… మూడోది మరీ ఖరాబున్నది. తలుపు మూతపడుత లేదు. నెత్తురు ఎన్కకు వస్తున్నది. ఈ మనిషి జాగ్రత్తగ ఉండకపోతే ఇంకో వానాకాలం చూడడు."

జవాను మొదటి గొంగడి లాగాడు. హీర్యా. కళ్ళు నులుముకుంటూ, నిద్రలోంచి లేచినవాడిలా చూస్తున్నాడు.

ఇతని గుండెనే వెంకట్రాం మంచిగున్నది అన్నాడు. మళ్ళీ ఆ మాటే అన్నాడు. ఇంకో మనిషికి, తన నోటితోనే, మంచిగున్నది అన్నాడు.

రెండో గొంగడి కింది నుంచి మీసాలు కూడా సరిగ్గా రాని కొత్త జవాను లేచి కూర్చున్నాడు. గొంగడి కింద పడుకోబెడితే తనను కూడా కొడతారేమోనని వణికిపోయాడట పాపం. మూడో గొంగడిని ఎవరూ లాగలేదు. అది తనంతట తానే పక్కకు జరిగింది. అమీను సాబు లేచి కూర్చున్నాడు. చొక్కా లేదు. తెల్లబడిన ఛాతీ వెంట్రుకల మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"మూడోది మల్ల చెప్పు" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా వెంకట్రాం ఎన్నడూ వినలేదు.

మళ్ళీ చెప్పాడు. చెప్పక ఏం చేస్తాడు? అమీను హీర్యా వైపు చూడనైనా చూడలేదు. "లోపట వెయ్యిండ్రి" అని లేచి, మెట్లు ఒక్కొక్కటే, గాజు మెట్లయినట్టు ఎక్కి పోయాడు. హీర్యాను తీసుకుపోతుంటే వెంకట్రాం పక్కన నడుస్తూ గొణిగాడు.

"నీ గుండె గట్ల నిమ్మలంగ ఎట్ల కొట్టుకుంది హీర్యా? భయం గాలేదా?"

"పది పొద్దులాయె అన్నా, నిలువుగనే కట్టేసిండ్రు" అన్నాడు హీర్యా. "ఇయ్యాలనే పండవెట్టిండ్రు. నడుం వాలంగనే నిద్రొచ్చింది."

మర్నాడు పొద్దున అమీను పిలిపించాడు. కుర్చీలో చొక్కా విప్పుకుని సిద్ధంగా ఉన్నాడు. నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి. వెంకట్రాం గొట్టం పెట్టి విన్నాడు. దబ్, దుప్. దబ్, దుప్. అటు జరిపి విన్నాడు. ఇటు జరిపి విన్నాడు. సుర్రుమన్న చప్పుడు లేదు. తలుపులు రెండూ కొత్త ఇంటి తలుపుల్లా పడుతున్నాయి. నిన్న ఉన్నది ఇవాళ ఏమైంది? గుండెలో తలుపు రాత్రికి రాత్రి బాగుపడుతుందా? లేక తన చెవులే చెడిపోయాయా?

"ఎట్లున్నది?" అన్నాడు అమీను.

"ఒక్క నిమిషం సాబ్, ఇసుక సీసా తెస్త."

వసారాలోకి వచ్చాడు. నిన్నటి గొంగళ్ళు అక్కడే కుప్పగా పడి ఉన్నాయి. మూడోదాన్ని చేత్తో తడిమాడు. బిరుసైన ఊలు. ఛాతీ మీదికి వచ్చే చోట ఒక పల్లేరుకాయ చిక్కుకుని ఉంది. గొట్టం చెవుల్లో పెట్టుకుని, మూతి మీద గొంగడి కప్పి, వేలితో కింది నుంచి మెల్లగా తట్టాడు. దబ్, సుర్ర్. గొంగడి బరువుకు పల్లేరుకాయ గొట్టాన్ని రాసుకుంటున్న చప్పుడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా గీసుకుంది. బర్రె లేదు, తలుపు లేదు. ముల్లు.

అప్పుడు చూశాడు, అంచున తెల్ల ఊలుతో పాముమెలిక కుట్టు. పోశాలు తలకింద ఉన్న గొంగడి.

ఆయన అక్కడే చతికిలబడ్డాడు. ఏడుపు వచ్చింది, భయం వేసింది, ఏది ముందు వచ్చిందో తెలియలేదు. లోపలికి పోయి, సాబ్ పొరపాటు పడ్డాను, మీ గుండె బంగారం అని చెప్పాలా? అది నిజం. నిజం చెబితే అమీను ముందు నవ్వుతాడు, తర్వాత హీర్యాను బయటికి తీయిస్తాడు. హీర్యా గుండె మంచిదని తానే అందరి ముందు చెప్పాడు. దర్వాజా బయట రుక్కి మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఈసారి తనకు నిజం తెలుసు. తెలిసి ఏం చెప్పాలన్నది మాత్రం ఏ సలోత్రీ నేర్పలేదు.

లోపలికి వచ్చి ఇసుక సీసా తిప్పి, చాలాసేపు విన్నట్టు నటించాడు.

"నిన్నటికంటే ఎక్కువైంది సాబ్. రాత్రి ఎవరి మీదన్న కోపానికొచ్చిండ్రా?"

అమీను మొహం పాలిపోయింది. "వచ్చిన. వంటోని మీద."

"ఒర్రొద్దు సాబ్, గట్టిగ అర్వొద్దు. కోపం వస్తే నెత్తురు జోరుగ కొడ్తది, మూతపడని తలుపు ఇంక చిరుగుతది. ఎవల్నన్న కొడుతుంటే చూసినా, వాళ్ళ ఒర్లుడు ఇన్నా గంతే. గడిల లొల్లి ఉండొద్దు." చెబుతున్న మాటలు తన నోటినుంచే వస్తున్నాయా అని ఆయనకే అనుమానం వచ్చింది. "మేక గుండెకాయ గూడ తినొద్దు" అని చివర్న చేర్చాడు. అదెందుకు అన్నాడో ఇప్పటికీ తెలియదు.

అమీను ఊరుకుంటాడా? హనుమకొండ నుంచి మనుషుల డాక్టరును జీపులో రప్పించాడు. ఆయన అరగంట చూసి, గుండె నిక్షేపంగా ఉంది, మరో ముప్పై ఏళ్ళు ఢోకా లేదు అన్నాడు. గోడ పక్కన నిలబడ్డ వెంకట్రాంకు తన పని అయిపోయిందనిపించింది. జీపు వెళ్ళాక అమీను దగ్గరికి పిలిచాడు.

"నాకు మంచిగలేదని చెప్పే దమ్ము గాయనకు ఉన్నదా? నేను అమీనునని గాయనకు తెల్సు. భయానికి మంచిగున్నదన్నడు. నీకు గొంగడి కింద ఎవడున్నడో తెల్వదు. నువ్వే నిజం చెప్పినవ్."

నవ్వాలో ఏడ్వాలో వెంకట్రాంకు పాలుపోలేదు. మనుషులను భయపెట్టి బతికినవాడికి మంచిమాట కూడా అబద్ధంలాగే వినబడుతుంది కాబోలు.

మూడురోజుల్లో ఖైదీలందరినీ బండెక్కించి జనగామ పంపేశాడు అమీను. ఈ లొల్లి నా దగ్గర వద్దని చీటీ రాశాడు. హీర్యా కుంటుతూ బండెక్కాడు. రుక్కి బండి వెనకే నడుస్తూ, వెంకట్రాం ముందు ఒక్క క్షణం ఆగింది. మూట విప్పి అందులోంచి ఒక రొట్టె తీసి ఆయన చేతిలో పెట్టి, మాట్లాడకుండా బండి అందుకోవడానికి పరుగెత్తింది. ఎండి అట్టలా అయిన రొట్టె. యాకమ్మ, ఆయన చెరిసగం తిన్నారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆయనా అలాగే అనుకున్నాడు. ఆ మధ్యాహ్నమే ఒక ముసలామె గడి దర్వాజా దగ్గరికి వచ్చింది.

"సలోత్రి నువ్వేనా బిడ్డా? నేను పోశాలు అవ్వను. ఎల్లవ్వను."

వెంకట్రాం తలూపాడు.

"నా కొడుకు గొంగడి ఈడ్నే ఉన్నదట. ఇస్తవా? నేనే ఊలు వడికిన, నేనే అంచు కుట్టిన."

లోపలికి పోయి తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంది. దర్వాజా దగ్గర జవాను చూస్తున్నాడు.

"పట్వారి కాయితం చదివి చెప్పిండు. గుండె ఆగి సచ్చిపోయిండని రాసిండ్రట. కింద నీ పేరున్నదట. ఆఖరికి ఆని గుండె ఇన్నది నువ్వే గద. ఎట్లుండె బిడ్డా?"

ఏం చెప్పాలి? ఉన్నదే చెప్పాడు. "నిమ్మలంగ ఉండె అవ్వా. నలభై ఎనిమిది. మనిషికి డెబ్బై, ఎనభై ఉండాలె. నాకు తెల్వదు. నేను ఎడ్లను చూసేటోన్ని. మంచిగున్నదన్న. నా తప్పే."

ఎల్లవ్వ ఒళ్ళోని గొంగడిని పక్కకు జరిపింది. "నాది ఇను" అంది.

ఆయన గొట్టం పెట్టాడు. సీసా తిప్పాడు. ఇసుక దిగిపోయింది. నమ్మలేక మళ్ళీ తిప్పాడు. ఒక్కో దెబ్బ నిండుగా, తొందర లేకుండా, తలుపులు శుభ్రంగా.

"ఎంతున్నది?"

"యాభై అవ్వా."

"ఖరాబా మరి?"

రోజుకు ఆరు కోసులు గొర్రెల వెంట నడిచే మనిషి. నిటారుగా కూర్చుని ఉంది. వెంకట్రాంకు నెల రోజులుగా పేర్చుకున్నదంతా కూలిపోయింది. పోశాలు గుండె మందగించింది దెబ్బకేనా, పుట్టుక నుంచే తల్లి గుండెలా అంతేనా? ఎద్దు లెక్కతో తాను పొరబడ్డాడా, పొరబడలేదా? చెప్పగలవాడు చచ్చిపోయాడు.

"మంచిదే అవ్వా" అన్నాడు.

"ఆనిది గూడ నా అసొంటిదే. చిన్నప్పుడు ఎదమీద పండుకుంటే తెలుస్తుండె. మరి మంచిగున్న గుండె ఎట్ల ఆగింది బిడ్డా?"

నాలుగు అర్రల గురించి చెప్పొచ్చు. తలుపుల గురించి చెప్పొచ్చు. జవాను ఇటే చూస్తున్నాడు.

"ఆగలేదవ్వా" అన్నాడు వెంకట్రాం. జవానుకు వినబడేంత గట్టిగానే వచ్చింది. "ఆపిండ్రు."

ఎల్లవ్వ తల ఊపింది. "గింతే గద బిడ్డా. గిది కాయితం మీద రాయకపోతివి."

గొంగడిని దులిపి ఎండకు తలమీద కప్పుకోబోయి, చేతికేదో గుచ్చుకుంటే ఆగింది. ఇన్నేళ్ళూ కొడుకు గొర్రెల దగ్గర నుంచి వచ్చినప్పుడల్లా చేసినట్టే, పల్లేరుకాయను వేళ్ళతో విడదీసి తీసి పక్కన పారేసి, లేచి నడిచింది.